చెయ్యి వచ్చింది, పని రాలేదు

పక్షవాతం వచ్చినవాళ్ళని చూడ్డానికి వెళ్ళినవాళ్ళు మొదట అడిగేది ఒకటే: "చెయ్యి వచ్చిందా?" మా పెద్దమ్మ విషయంలో దీనికి రెండు జవాబులున్నాయి. ఫిజియోథెరపిస్టు దగ్గర చెయ్యి భుజం ఎత్తుకి లేస్తుంది, గ్లాసు పట్టుకుంటుంది, చెక్కదిమ్మెని బల్ల మీద ఈ పక్క నుంచి ఆ పక్కకి చేరుస్తుంది. స్కోరు బాగా పెరిగిందని కాగితం మీద రాసిచ్చారు కూడా. ఇంటికొచ్చాక అదే చెయ్యి పొద్దున్నించి రాత్రిదాకా ఒళ్ళోనే ఉంటుంది.

ఈ తేడా నన్ను చాలాకాలంగా తొలిచేస్తోంది. ఈమధ్య ఫిజియోథెరపీలో పీజీ చేస్తున్న ఒకమ్మాయి తన ప్రాజెక్టు కోసం పెద్దమ్మ రెండు మణికట్లకీ చేతి కదలికల్ని నమోదు చేసే వాచీల్లాంటి సెన్సార్లు కట్టింది. తర్వాత ఆ చార్టులు తెచ్చి మాకు ఓపిగ్గా వివరించింది. అప్పట్నించి ఈ సెన్సార్ల గురించి దొరికిందల్లా చదువుతున్నాను. చదివిందీ, ఇంట్లో చూసిందీ కలిపి నాకొక అభిప్రాయం ఏర్పడింది. పక్షవాతం తర్వాత చెయ్యి ఎంత బాగుపడిందో ఇంట్లోనే కొలవాలి, అందుకు ఇప్పుడున్న వాటిలో ఈ సెన్సార్లే నమ్మదగ్గ దారి. అయితే అందులో వచ్చే అంకెని పేషెంటుకి వచ్చిన మార్కులుగా చదవకూడదు. ఆ అంకె ఎక్కువగా చెప్పేది ఇంటి గురించి.

ఎడమ చెయ్యేగా!

పెద్దమ్మకి పడిపోయింది ఎడమ పక్క. మాట పోలేదు, మతిమరుపు రాలేదు. ఆస్పత్రిలో ఉండగానే చూడొచ్చిన ప్రతివాళ్ళూ "పోనీలే, ఎడమ చెయ్యేగా, దేవుడు చల్లగా చూశాడు" అన్నారు. ఓదార్పుగా అన్నమాటే, తప్పు పట్టడానికేం లేదు. కానీ ఆ మాట మా ఇంట్లో పాతుకుపోయింది. కుడిచేత్తో అన్నం తింటోంది, ఫోన్ మాట్లాడుతోంది, బ్యాంకు కాగితాల మీద సంతకం పెడుతోంది. ఇంకేం కావాలి అన్నట్టు అయిపోయింది.

అమెరికాలో సెయింట్ లూయిస్ నగరంలోని వాషింగ్టన్ యూనివర్సిటీలో కేథరిన్ లాంగ్ అనే పరిశోధకురాలి బృందం చాలా ఏళ్ళుగా ఇదే పని మీద ఉంది. వాళ్ళు 2013లో ఒక అధ్యయనం ప్రచురించారు. పక్షవాతం లాంటివేవీ లేని 74 మంది పెద్దవాళ్ళకి రెండు మణికట్లకీ ఇలాంటి సెన్సార్లే (వీటిని యాక్సెలరోమీటర్లు అంటారు) కట్టి, ఒక రోజంతా ఏ చెయ్యి ఎంతసేపు కదులుతోందో చూశారు. వాటం చెయ్యి సగటున 9 గంటల పైచిలుకు కదిలింది. రెండో చెయ్యి? సుమారు 8.6 గంటలు. రెంటి నిష్పత్తి 0.95.

నేనైతే సగమో, మహా అయితే ముప్పాతికో ఉంటుందనుకుంటాను ఎవరైనా అడిగితే. దాదాపు సమానం! ఆలోచిస్తే అర్థమవుతుంది. ఎడమ చెయ్యి సొంతంగా చేసే పనులు తక్కువే, కానీ కుడిచెయ్యి చేసే పనుల్లో చాలావాటికి అది పక్కన ఉండాల్సిందే. బీరకాయని ఒక చెయ్యి పట్టుకుంటేనే రెండో చెయ్యి చెక్కు తీస్తుంది. డబ్బా ఒకటి పట్టుకోవాలి, మూత ఇంకొకటి తిప్పాలి. పప్పు ఎనపాలంటే గిన్నె కదలకుండా పట్టుకునే చెయ్యి కావాలి. జడ వేసుకోవాలన్నా, దుప్పటి మడత పెట్టాలన్నా అంతే.

ఇక చీర సంగతి. కుచ్చిళ్ళు పెట్టుకోవడం ఒంటిచేత్తో అయ్యే పని కాదు. ఆస్పత్రి నుంచి వచ్చాక పెద్దమ్మ నైటీలే వేసుకుంటోంది. జీవితమంతా నేత చీరలు తప్ప కట్టని మనిషి. గేటు చప్పుడైతే చాలు, కుడిచేత్తో పక్కనున్న తువ్వాలు అందుకుని నైటీ మీద కప్పుకుంటుంది. ఎప్పుడూ కుర్చీ చేతి మీద ఒక తువ్వాలు సిద్ధంగా ఉంటుంది. ఎడమ చెయ్యేగా అన్నవాళ్ళకి ఆ తువ్వాలు అక్కడ ఎందుకుందో తెలీదు.

ఇక్కడ ఒక అభ్యంతరం ఉంది, నాకే వచ్చింది. 0.95 అనేది అమెరికావాళ్ళ చేతుల లెక్క. మన దగ్గర రెండు చేతుల మధ్య పనుల పంపకం వేరు. కుడిచేత్తోనే తింటాం, కుడిచేత్తోనే ఇస్తాం, పుచ్చుకుంటాం. కాబట్టి మన నిష్పత్తి తక్కువ ఉండాలిగా అనిపిస్తుంది. కానీ మన భోజనం దగ్గర ఒకసారి గమనించండి. అన్నం కలిపిన కుడిచెయ్యి ఎంగిలి. అందుకని మారు వడ్డించుకునే గరిటె, మంచినీళ్ళ గ్లాసు, మజ్జిగ గిన్నె, అన్నీ ఎడమచేతి పనులే. పెద్దమ్మ ఇప్పుడు భోజనానికి కూర్చుంటే ఎవరో ఒకరు పక్కన నిలబడాలి. "కాస్త మంచినీళ్ళు" అని అడగడం మొహమాటం వేసి, అన్నం అయ్యేదాకా నీళ్ళు తాగడం మానేసింది. మన అంకె 0.95 కంటే ఎక్కువో తక్కువో కూర్చుని ఊహించలేం. మన ఇళ్ళలో కట్టి చూడాలి.

స్కోరుకి తెలీనిది

ఫిజియో దగ్గర వేసే స్కోర్లు తీసిపారేసేవి కావు. ఫ్యూగల్-మేయర్ పరీక్ష 1975లో స్వీడన్‌లో తయారైంది, చేతికి మొత్తం 66 పాయింట్లు. ఏరాట్ (ARAT) అనే ఇంకో పరీక్షకి 57. భుజం, మోచెయ్యి, మణికట్టు, వేళ్ళు ఏది ఎంత వరకు వచ్చిందో పద్ధతిగా చూస్తాయి. అయితే అవి చూసేది చెయ్యి ఏం చెయ్యగలదో. నిశ్శబ్దంగా ఉన్న గదిలో, ఎదురుగా ఒక మనిషి కూర్చుని "ఏదీ, గట్టిగా పట్టుకోండి" అంటుంటే, ఒంట్లో ఉన్న శక్తంతా ఆ చేతిలోకి తెచ్చుకుని చేసే పని అది. ఇంట్లో చెయ్యి ఏం చేస్తోందనేది వేరే ప్రశ్న. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001లో తెచ్చిన వర్గీకరణ కూడా చెయ్యగలగడాన్నీ చెయ్యడాన్నీ వేరువేరుగానే చూడమంది.

మొదటిది పెరిగితే రెండోది దానంతటదే పెరుగుతుందని అందరం అనుకుంటాం. లాంగ్ బృందం దీన్నీ పరీక్షించింది. అంతకుముందు 2009లో వాళ్ళు అమెరికా, కెనడాల్లో మామూలుగా జరిగే థెరపీ సెషన్లని కూర్చుని గమనించారు. చేత్తో పనికొచ్చే కదలికలు చేయించిన సెషన్లలో వాటి సంఖ్య సగటున 32 దగ్గరే ఆగింది. ఇంత తక్కువ సాధనతో ఏం వస్తుందని, పక్షవాతం వచ్చి ఆర్నెల్లు దాటినవాళ్ళతో ఒక పెద్ద ప్రయోగం చేశారు. వారానికి నాలుగు రోజులు, ఎనిమిది వారాలు. అలాంటి కదలికల్ని మొత్తం మీద కొందరితో 3,200 సార్లు, కొందరితో 6,400, కొందరితో 9,600 సార్లు, ఇంకో గుంపుతో వాళ్ళకి చేతనైనన్ని సార్లు. 2016లో ఫలితాలొచ్చాయి. ఏరాట్ స్కోర్లు కొంత పెరిగాయి, కానీ ఎక్కువ సార్లు చేసినవాళ్ళకి ఎక్కువ లాభమేమీ కనిపించలేదు. 2017లో ఇదే ప్రయోగంలోని సెన్సార్ల లెక్కలు వచ్చాయి. థెరపీ గది బయట, రోజువారీ బతుకులో, ఆ చేతుల వాడకం మారలేదు.

ఈ ఒక్క ఫలితం చదివి నేను చాలాసేపు అలా ఉండిపోయాను. ఎందుకంటే మా పెద్దమ్మ విషయంలో మేం లోలోపల అనుకుంటున్నది వేరు. బద్ధకమనో, పట్టుదల లేదనో పైకి అనకపోయినా, "ఫిజియో దగ్గర చేస్తావుగా, ఇంట్లో చేస్తే ఏం?" అని అందరం విసుక్కునేవాళ్ళం. అంత పకడ్బందీగా జరిగిన ప్రయోగంలో, అన్ని వేలసార్లు సాధన చేసినవాళ్ళకే గదిలో వచ్చినది ఇంటికి రాలేదంటే, దీన్ని ఒక మనిషి పట్టుదల లెక్కలో వెయ్యడం అన్యాయం.

కారణాల్లో ఒకటి ఎడ్వర్డ్ టౌబ్ అనే ఆయన కోతుల మీద చేసిన పరిశోధనల్లో చాలాకాలం కిందటే బయటపడింది. స్పర్శ తెలిపే నరాలు తెంచేసిన చేతిని కోతి వాడటం మానేస్తుంది. కండరాలు పనిచేసే స్థితిలోనే ఉంటాయి. కానీ మొదట్లో ప్రయత్నించి విఫలమవుతుంది, బాగున్న చేత్తో పని తేలిగ్గా అయిపోతుంది, ఆ చెయ్యి లేనట్టే బతకడం నేర్చేసుకుంటుంది. బాగున్న చేతిని కట్టేస్తే మళ్ళీ వాడటం మొదలుపెడుతుంది. కోతుల మీద చేసిన ఆ ప్రయోగాల మీద తర్వాత పెద్ద గొడవే జరిగింది, అది వేరే కథ. మనుషుల్లో దీని రూపమే బాగున్న చేతికి తొడుగు వేసి, పడిపోయిన చేత్తో పనులు చేయించే థెరపీ. అమెరికాలో 222 మందితో చేసిన ఎక్సైట్ ప్రయోగం 2006లో దానివల్ల మేలు ఉందని చూపించింది. రెండు వారాలపాటు, మెలకువగా ఉన్న సమయంలో 90 శాతం దాకా తొడుగు ఉంచుకోవాలని లక్ష్యం.

పెద్దమ్మకి ఇది చెప్పి చూశాం. "కుడిచెయ్యి కట్టేసుకుని ఎడమచేత్తో అన్నం తినమంటావుట్రా?" అంది. ఆవిడకది థెరపీ కాదు, తలవంపు. తెనాలి ఎండల్లో రోజంతా చేతికి తొడుగు మాట అటుంచినా, భోజనం దగ్గర ఆ పద్ధతి మన ఇళ్ళలో నిలబడదు. భోజనం వేళ తీసేసి మిగతా వేళల్లో పెట్టుకోవచ్చు, నిజమే. కానీ మిగతా వేళల్లో ఆవిడ చెయ్యడానికి ఇంట్లో పనేం మిగిల్చాం?

చార్టులో కనిపించిన ఇల్లు

ఆ అమ్మాయి తెచ్చిన చార్టులో కుడిచేతికి నీలం గీత, ఎడమచేతికి నారింజ గీత. కింద గంటలు. నీలం గీత రోజంతా ఎగుడుదిగుడుగా నడుస్తోంది. నారింజ గీత చాలావరకు నేలబారుగా ఉండి, ఉదయం ఒకచోట మాత్రం ఒక్కసారిగా నీలం గీతని మించి లేచింది. చూడగానే మా అందరికీ ప్రాణం లేచొచ్చింది. "చెయ్యి బాగా ఆడింది ఇక్కడ!" అన్నాడు మా అన్నయ్య. పెద్దమ్మ గడియారం వంక చూసి, "అది నేను కాదు నాయనా, నూనె రాసే ఆవిడ" అంది.

నిజమే. రోజూ ఆ వేళకి ఆయా వచ్చి నూనె రాసి, చెయ్యి ఎత్తి దింపి, స్నానం చేయించి బట్టలు తొడుగుతుంది. యాక్సెలరోమీటరుకి చెయ్యి కదిలిందని తెలుస్తుంది, ఎవరు కదిపారో తెలీదు. పెద్దమ్మ తన కుడిచేత్తో ఎడమచేతిని పట్టి లేపినా కదలికే. ఆటోలో గతుకుల రోడ్డు మీద వెళ్ళినా కదలికే. నడిచేటప్పుడు ఊగే చేతులూ లెక్కలోకి వస్తాయి. ఒక చేతి అంకె కాకుండా రెండు చేతుల నిష్పత్తి చూడటానికి ఇదొక కారణం, నడకా ఆటో కుదుపులూ రెండు చేతులకీ పడతాయి కాబట్టి. నూనె రాసే ఆవిడకి మాత్రం నిష్పత్తి కూడా మందు కాదు. పక్కన ఎవరో కూర్చుని ఏ వేళకి ఏం జరిగిందో రాసిపెట్టుకోవాలి. మా ఇంట్లో ఆ పని మా వదిన చేసింది.

వదిన రాసిన కాగితం చార్టు పక్కన పెట్టి చూసినప్పుడు అసలు సంగతి తెలిసింది. నారింజ గీత పడుకున్న ప్రతి గంటలోనూ ఎవరో ఒకరు పెద్దమ్మ పని చేసి పెడుతున్నారు. టీ చల్లార్చి చేతికిస్తున్నారు. మందుబిళ్ళ షీటులోంచి తీసి అరచేతిలో పెడుతున్నారు. పేపరు మడత తీసి అందిస్తున్నారు. చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ వదిన హాల్లోనే కూర్చుంటే, పెద్దమ్మ చూస్తూ కబుర్లు చెబుతుంది. ఆ చెయ్యి చెయ్యగలిగిన పనులు ఇంట్లో చాలానే ఉన్నాయి. వాటిలో ఒక్కటీ దానిదాకా రావడంలేదు.

ఇది ప్రేమ లేక కాదు, ఎక్కువై. కానీ ప్రేమ ఒక్కటే కారణం కాదు, ఇంకోటి ఉంది, దాని గురించి ఎవరూ రాయగా నేను చూడలేదు. ఒకరోజు పెద్దమ్మ తనంతట తానే కరివేపాకు దూస్తానంది. రెమ్మని ఎడమచేతి వేళ్ళ మధ్య ఇరికించుకుని కుడిచేత్తో ఆకు దూస్తోంది. రెమ్మ జారిపోతోంది, మళ్ళీ ఇరికించుకుంటోంది. సరిగ్గా అప్పుడే పక్కింటావిడ వచ్చింది. చూసి, పైకి నవ్వుతూనే, "అయ్యో, ఈవిడ చేత కూడా పని చేయిస్తున్నావా అమ్మాయ్" అంది వదినతో. వదిన మొహం మాడిపోయింది. లేచి వెళ్ళి పళ్ళెం తీసేసింది. ఆ తర్వాత చాలా రోజులు పెద్దమ్మ ముందు ఏ కూరా పెట్టలేదు.

మన ఇళ్ళలో జబ్బు మనిషి చేత పని చేయించిందన్న మాట కోడలి మీదే పడుతుంది. కొడుకుని ఎవరూ అనరు. అందుకే థెరపిస్టు "ఇంట్లో పనులు చేయిస్తూ ఉండండి" అని నోటిమాటగా చెబితే చాలదు. ఆ మాట వదినకి రక్షణ కాదు. చార్టు వేరు. దాన్ని ఫ్రిజ్ మీద అంటించి, వచ్చినవాళ్ళకి చూపించి, "డాక్టరుగారు ఈ గీత పైకి రావాలన్నారు పిన్నిగారూ, అందుకే చేయిస్తున్నా" అని చెప్పొచ్చు. ఇప్పుడు వదిన చేస్తున్నది అదే. సెన్సారు వల్ల మా ఇంట్లో ఇప్పటివరకు కలిగిన మేలు ఏదైనా ఉంటే, మొదట అది వదినకి కలిగింది.

ఇంటివాళ్ళ మీద భారం వేస్తున్నానా?

నా వాదనకి గట్టి ఎదురుదెబ్బ మనదేశం నుంచే ఉంది. ఇంటివాళ్ళే కీలకమైతే, ఇంటివాళ్ళకి నేర్పిస్తే ఫలితం రావాలి. సరిగ్గా దాన్నే పరీక్షించిన అటెండ్ ప్రయోగం మన 14 ఆస్పత్రుల్లో 1,250 మంది పేషెంట్లతో జరిగింది. ఒక గుంపులో కుటుంబసభ్యులకి పునరావాస వ్యాయామాలు నేర్పి ఇంటికి పంపారు, ఇంకో గుంపుకి మామూలు వైద్యమే. 2017లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన ఫలితం: ఆర్నెల్ల తర్వాత రెండు గుంపుల మధ్యా తేడా లేదు.

దీన్ని పక్కకి నెట్టలేను. రెండు మాటలు మాత్రం చెప్పగలను. ఆ ప్రయోగం ప్రధానంగా చూసింది మరణాన్నీ, ఇతరుల మీద ఆధారపడటాన్నీ. ఒక చెయ్యి రోజుకి ఎన్ని గంటలు కదిలిందన్నది అంత పెద్ద కొలతలో కనిపించకపోవచ్చు. రెండోది, అక్కడ ఇంటివాళ్ళకి అప్పగించింది ఇంకో పని. నేనంటున్నది చేసే పనుల్లో కొన్ని మానేయమని, ఆ మనిషికి వదలమని. ఈ రెండూ కలిపినా నా మాట రుజువైనట్టు కాదు, ఆ సంగతి ఒప్పుకుంటాను. కానీ కోడళ్ళనీ కూతుళ్ళనీ ఉచిత థెరపిస్టులుగా మార్చే ఆలోచన కంటే, ఈనెలు తీసే పళ్ళెం అత్తగారి ముందు పెట్టడం వాళ్ళకి తేలిక.

ఇంకో భయం, ఇది నన్ను ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. రోజూ కొలిస్తే మనిషి నిందితుడి స్థానంలోకి వెళ్ళిపోతాడు. సెన్సార్లు కట్టిన రోజు పెద్దమ్మ ఆ అమ్మాయిని, "నా చెయ్యి ఎంత ఆడిందో నన్నడిగితే చెప్పనా తల్లీ?" అంది. అడిగి రాసుకునే పద్ధతులూ ఉన్నాయి, అవీ కావాలి. కానీ మనం మన చేతుల వాడకాన్ని గమనించుకోం, గమనించనిదాన్ని గుర్తుపెట్టుకుని చెప్పలేం. అదీకాక ఎదురుగా డాక్టరు కూర్చుంటే మంచిమాటే చెప్పాలనిపిస్తుంది. కాబట్టి కొలవాలి, కానీ ఏడాది పొడుగునా కాదు. ఒకసారి కట్టి చూసి, ఇంట్లో మార్పులు చేసి, కొన్ని వారాలాగి మళ్ళీ కట్టి చూస్తే చాలు. చెయ్యి చాలాసేపు కదలకపోతే వణికి గుర్తుచేసే బ్యాండ్లని ఇంగ్లండులోని న్యూకాజిల్‌లో చిన్న స్థాయిలో ప్రయత్నించారు. అవి ఇష్టపడేవాళ్ళు ఉంటారు. పెద్దమ్మకి మాత్రం అలాంటిది కట్టమని నేను అడగను. పని ముందు పెట్టకుండా పని చెయ్యలేదేమని చేతికి గుర్తుచెయ్యడం నాకు మింగుడుపడదు.

అసలు కదలికే రాని చేతుల సంగతి కూడా చెప్పాలి. పక్షవాతం తీవ్రంగా వచ్చిన చాలామందికి వేళ్ళు బిగుసుకుపోయి తెరుచుకోవు. అలాంటివాళ్ళకి ఈ చార్టు చూపించి "పని చెయ్యి" అంటే హింసే. కొంత వచ్చి, ఆ వచ్చింది ఇంట్లో వాడకంలోకి రానివాళ్ళ గురించే నా మాటంతా.

మణికట్టు సెన్సారుకి వేళ్ళ పని సరిగ్గా తెలీదన్నది ఇంకో లోటు. మణికట్టు కదలకుండా వేళ్ళతో చేసే పనులు, గుండీ పెట్టుకోవడం లాంటివి, అందులో చిన్నవిగా కనిపిస్తాయి లేదా కనిపించవు. కరివేపాకు దూసిన ఆ కాసేపట్లో పెద్దమ్మ ఎడమచెయ్యి చేసిందంతా కదలకుండా రెమ్మని పట్టుకోవడమే. చార్టులో ఆ వేళకి నారింజ గీత పెద్దగా లేచి ఉండదు. రెండు చేతులతో చేసే పనుల్లో పట్టుకోవడం కూడా పనే, దాన్ని పట్టే కొలత ఇంకా కావాలి.

అడగదలుచుకున్నది

షాపుల్లో దొరికే ఫిట్‌నెస్ బ్యాండ్లు రెండు కొని కట్టేస్తే సరిపోతుందా అని కొందరు అడిగారు. మామూలు బ్యాండ్లు ముఖ్యంగా అడుగుల్ని లెక్కపెట్టడానికి చేసినవి, మెల్లగా నడిచేవాళ్ళ విషయంలో ఆ లెక్కా తప్పుతుంది. చేతి వాడకానికి కావలసింది రెండు చేతుల ముడి లెక్కలూ ఒకే గడియారం మీద. అందుకు చదువుకున్న మనిషి పక్కన ఉండాలి.

ఆ మనుషులు మన దగ్గర ఉన్నారు. రెండు రాష్ట్రాల్లోనూ ఫిజియోథెరపీ కాలేజీలున్నాయి, పీజీ విద్యార్థులు ఏటా ప్రాజెక్టులు చేస్తూనే ఉన్నారు. వాళ్ళని నేను అడిగేది రెండు. మొదటిది, ఏ జబ్బూ లేని మన పెద్దవాళ్ళ చేతులు కొలవండి. తెనాలిలో వంట చేసుకునే ఆవిడవి, నిజామాబాద్‌లో బీడీలు చుట్టే ఆవిడవి, సిరిసిల్లలో మరమగ్గం దగ్గర నిలబడే ఆయనవి, వరంగల్ పక్కన పత్తి ఏరే ఆవిడవి. ఎవరి చేతులు దేనికి అలవాటుపడ్డాయో తెలిస్తే, పక్షవాతం వచ్చాక ఏది తిరిగి తెచ్చుకోవాలో తెలుస్తుంది. అప్పుడు పెద్దమ్మ చార్టు పక్కన సెయింట్ లూయిస్ అంకె పెట్టనక్కర్లేదు.

రెండోది, చార్టు తీశాక దాన్ని ఫైల్లో పెట్టి థీసిస్‌తో పాటు తీసుకెళ్ళిపోకండి. ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి, తెలుగులో, గంటగంటకీ ఏం జరిగిందో వివరించండి. అన్నయ్య కూడా ఉండాలి, వదిన ఒక్కతే కాదు. చూడొచ్చేవాళ్ళకి చూపించుకునేలా ఒక కాగితం మీద రాసి, సంతకం పెట్టి ఇవ్వండి.